కుట్టు ముచ్చట్లు: అక్క గౌను చెల్లెకు, అన్న పాంటు తమ్మునికి

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల సగానికి పైన ఒకటే ముచ్చట. దసరా దగ్గర పడ్డది, బీరువలు సర్దిండ్రు, పెద్దపిల్లలకు పొట్టిగైన బట్టలు మూట కట్టిండ్రు, ఆ మూట యారాలు ఇంటికో ఆడిబిడ్డ ఇంటికో పోయింది, ఇగ అందుకున్నోళ్లేమో "దీన్ని ఏం జెయ్యాలె అక్కా" అని రాస్తున్నరు. అందుకే బ్లౌజు కటింగ్ ప్రశ్నలన్ని వచ్చే నెలకు జరిపి ఈ పేజీ మొత్తం పిల్లల పాత బట్టలకే ఇస్తున్న. పేర్లు వేస్తలేను, ఊరు మాత్రమే. "మా యారాలు గూడ ఈ పత్రిక చదువుతది అక్కా" అని కొందరు ముందే చెప్పిండ్రు మరి.

ప్రశ్న: అక్కా, మా యారాలు రెండు పెద్ద సంచుల నిండ బట్టలు ఇచ్చింది, ఆమె బిడ్డ నా బిడ్డ కన్న మూడేండ్లు పెద్దది. నా దగ్గర నల్లటి పాత మిషన్ ఉన్నది, సీదా కుట్టు తప్ప ఏం రాదు. యాడికెళ్లి మొదలు పెట్టాలె? (హన్మకొండ)

ముందుగాల కత్తెర దూరం పెట్టు చెల్లె. మూట ఇప్పంగనే కత్తెర పడితే సగం బట్ట ఆగమైతది. ఒక్కొక్కటి తీసి కిటికి దిక్కు వెలుతురుకు పట్టి చూడు, చంకల కింద, మోకాళ్ల కాడ, కూసునే కాడ గుడ్డ పల్చబడ్డదా లేదా తెలుస్తది. అక్కడ రెండు చేతుల బొటనవేళ్లతోటి పట్టి జర గుంజు, చిర్రుమని పోగు జరిగితే ఆ గుడ్డ మీద ఎంత మంచిగ కుట్టినా రెండు ఉతుకులకు కుట్టు పక్కపొంటే చినుగుతది, ఎందుకంటే దారం గట్టిది గుడ్డ బలం లేనిది, గట్టిది మెత్తదాన్ని కోసేస్తది. అసొంటి దాంట్ల మంచిగున్న భాగం మటుకే జేబులకో అతుకులకో పనికొస్తది, మొత్తం బట్టగ పనికిరాదు.

ఇగ ఏమీ చెయ్యకుంటనే పిల్లకు సరిపోయేటివి ఉంటయి గదా, వాటిని ముట్టకు. ఇంట్ల మిషన్ ఉన్నదని ప్రతిదానికి లేసు పెట్టుడు మనకు ఒక రోగం. మూడేండ్ల తేడా ఉన్నదంటున్నవు, అంటె సగం బట్టలు ఇంకా పెద్దగనే ఉంటయి, అవి ఉతికి మడత పెట్టి ఏ వయసుకు వస్తయో ఒక చీటీ రాసి సంచిల వేసి దాచు. ఇయ్యాల కోసి చిన్నగ చేస్తే వచ్చే ఏడాది మళ్ల పెద్దగ చెయ్యలేవు.

పని మొదలు పెట్టేటివి ఉతికి, ఇస్త్రీ చేసి, అప్పుడు కొలువు. కుట్లు ఇప్పెటానికి బ్లేడు వాడకు, సీమ్ రిప్పర్ అని దారాలు గుండీలు అమ్మే దుకాణంల దొరుకుతది, అది కొనుక్కో. ఒక దిక్కు మూడు నాలుగు కుట్లకు ఒకటి కోసుకుంట పో, మళ్ల తిప్పి అవతలి దిక్కు దారం కొస పట్టి గుంజితే పొడుగ్గ వచ్చేస్తది, గుడ్డకు గాయం గాదు. సూది గూడ చూసుకో, మామూలు కాటన్ గౌన్లకు 14 నంబరు, వాయిల్ లాంటి పల్చటి గుడ్డకు 11, జీన్స్‌కు 16 లేకుంటే 18. ఏండ్లకేండ్లు ఒకటే సూదితోటి కుట్టి "మిషన్ దారం ఎగ్గొడుతున్నది" అనేటోళ్లు మస్తు మంది, మిషన్ ఏం పాపం జెయ్యలే, సూది మొన పోయింది అంతే. సీదా కుట్టు వస్తదన్నవు గదా, కింద చెప్పేటివన్ని దాదాపు దాంతోనే అయితయి.

ప్రశ్న: మా అక్క బిడ్డ కాటన్ గౌను నా బిడ్డకు నడుము కాడ సరిగ్గనే ఉన్నది గని పొడుగు సరిపోతలేదు, మోకాళ్ల పైకి పోయింది. కింద కుచ్చు పట్టీ పెడుదామనుకుంటున్న, ఎంత గుడ్డ పడుతది? పోయినసారి పెడితే ఉతకంగనే మొత్తం ముడుచుకపోయింది. (నర్సంపేట)

నడుము చూసినవు మంచిదే, భుజం గూడ చూడు. భుజం సరిపోకుంటే కింద ఎంత అంచు పెట్టినా చంకల పట్టేస్తది, పిల్ల చేతులు లేపలేదు. భుజం సరిపోయిందా, ఇగ మిగిలిన గౌను అంత మన చేతులనే ఉన్నట్టు.

కుచ్చు పట్టీ లెక్క అల్కగనే ఉంటది, గౌను అంచు చుట్టు కొలిచి దానికి ఒకటిన్నర రెట్లు తీసుకుంటే పల్చటి కుచ్చు, రెండు రెట్లయితే నిండు కుచ్చు. అంచు 40 అంగుళాలుంటే పట్టీ 60 నుంచి 80 అంగుళాలు కావాలె, వెడల్పు నీకు ఎంత పొడుగు కావాల్నో అంత వేసి కుట్లకు, కింద మడతకు కలిపి ఒకటిన్నర అంగుళం పైన పెట్టుకో. ఒక్కటే ముక్క దొరకకుంటే అతుకులు పెట్టు, కుచ్చుల్ల ఎవ్వరికీ కనబడది. పట్టీ పై అంచు పొంటి మిషన్ కుట్టు పెద్దగ చేసి రెండు వరుసలు కుట్టు, కొసల దారం వదిలిపెట్టు, తర్వాత కింది దారాలు రెండు పట్టుకొని మెల్లగ గుంజితే కుచ్చు పడుతది. గౌనును నాలుగు భాగాలుగ, పట్టీని నాలుగు భాగాలుగ చాక్‌పీస్‌తోటి గుర్తు పెట్టి ఆ గుర్తులు కలిపి గుండు పిన్నులు పెట్టు, లేకుంటే కుచ్చంత ఒకదిక్కే జమైతది.

ఇగ ముడుచుకపోయిన ముచ్చట. పాత గౌను ఎన్నోసార్లు నీళ్లల్ల పడ్డది, అది ముడుచుకునేదంత ఎప్పుడో ముడుచుకున్నది. దుకాణంల కొన్న కొత్త కాటన్ ముక్క ఇంకా ముడుచుకోలే. రెండు కలిపి కుట్టి ఉతికితే కొత్తది ఒక్కటే గుంజుకుంటది, గౌను అంచు వంకరబోతది. అందుకే కొత్త గుడ్డ అయితే ఒక రాత్రి నీళ్లల్ల నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు కత్తిరించు. ఎర్రది, నీలంది, ముదురు ఆకుపచ్చది అయితే తడిగుడ్డతోటి గట్టిగ రుద్ది చూడు, తెల్లగుడ్డకు రంగు అంటిందంటే అది గౌను మీదికి దిగుతది. నన్నడిగితే కొత్త గుడ్డ కొనుడే దండుగ, ఇంట్ల ఉన్న పాత కాటన్ చీర కొంగుల్నో అంచుల్నో తీసుకో, అది గూడ ముడుచుకునేదంత ముడుచుకునే ఉంటది, రంగు గూడ పోయేదంత పోయే ఉంటది, పాత గౌను పక్కన కొట్టొచ్చినట్టు కనబడది.

ఇంకోటి, పట్టీ పెట్టేముందు గౌను కింది మడత ఇప్పి చూడు, కొందరు దర్జీలు లోపల రెండంగుళాల దాక వదులుతరు. ఇప్పితే పాత మడత కాడ తెల్లటి గీత పడుతది, నీళ్లు, తెల్ల వెనిగర్ సగం సగం కలిపి గుడ్డతోటి అద్ది ఇస్త్రీ చేస్తే కొంత తగ్గుతది (ముందు లోపల దిక్కు చిన్నగ అద్ది చూసుకో, రంగు చెడుతదేమో), అయినా పోకుంటే గీత మీదికెళ్లి సన్న లేసు వెయ్యి.

పిల్లలు ఐదేండ్లు దాటినంక ఏడాదికి 5, 6 సెంటీమీటర్ల దాక పెరుగుతరు, అంటె రెండంగుళాల పైమాట, అందుల గౌను వాటా సగమే అనుకో. కుచ్చు పట్టీ ఎట్లాగు పెడుతున్నవు కాబట్టి రెండంగుళాలు ఎక్కువనే పెట్టి, కుచ్చు పైన ఒక అంగుళం అడ్డ మడత వేసి కుట్టు. ఒక అంగుళం మడతల రెండంగుళాల గుడ్డ దాగుతది. వచ్చే దసరాకు ఆ ఒక్క కుట్టు ఇప్పితే సరి.

ప్రశ్న: బతుకమ్మ చీరలు ఇంట్ల మడత కూడ ఇప్పకుంట ఉన్నయి, వాటితోటి పిల్లల గౌన్లు పెద్దగ చెయ్యొచ్చునా? (సిరిసిల్ల)

2017 నుంచి సర్కారు పంచిన ఆ చీరలు మీ ఊరి మరమగ్గాల మీద నేసినయే, మీ ఊరామెకు నేను గుడ్డ గురించి చెప్పుడేంది! అయినా అడిగినవు కాబట్టి చెప్త. ఎక్కువ మటుకు పాలిస్టరు అది, చెమట పీల్చది. మన దిక్కు ఎండకాలం 40 డిగ్రీలు దాటినప్పుడు పిల్ల పెయ్యికి నేరుగ తగిలేటట్టు పెట్టొద్దు. పైన అంచుకో, కింద కుచ్చు పట్టీకో, జేబుకో పెట్టు, లోపల కాటన్ అస్తరు వెయ్యి. ఆ చీర అంచే అసలు ఖజానా, పొట్టిగైన గౌనుకు కింద ఆ అంచు చుట్టేస్తే పండుగ గౌను అయితది.

పాలిస్టరు పోగులు మస్తు ఊడుతయి. ఇంటర్‌లాక్ మిషన్ (అంచుల పోగులు ఊడకుంట చుట్టి కుట్టేది) లేకుంటే ఇట్ల చెయ్యి: గుడ్డ సీదా దిక్కు బయటికి ఉండేటట్టు రెండు ముక్కలు కలిపి సన్నగ ఒక కుట్టు వెయ్యి, ఊడిన పోగులు కత్తిరించు, తిప్పి ఉల్టా దిక్కు నుంచి ఇంకో కుట్టు వెయ్యి, పోగులన్ని లోపల్నే బందైతయి. ఇస్త్రీ వేడి తక్కువ పెట్టు, మీద ఒక నూలు గుడ్డ వేసి చెయ్యి. దీపావళి నాడు పటాకుల కాడికి మాత్రం ఈ గౌనుతోటి పంపకు, నిప్పు తగిలితే పాలిస్టరు కరిగి పెయ్యికి అతుక్కుంటది.

ప్రశ్న: పెద్దోని పాంట్లు చిన్నోనికి వేస్తున్న, రెండు మోకాళ్లు చినిగినయి, నడుము లూజు, బెల్టు పెడితే ముడతలు పడి పోరడు పీకేస్తున్నడు. (జగిత్యాల)

రెండు మోకాళ్లు పోయినయంటే దాన్ని లాగు చేసెయ్యుడే మేలు. చినుగు పైనకెళ్లి కోసి, కింద మడతకు ఒకటిన్నర అంగుళం వదులుకో. ఇక్కడ అందరు గాబరా పడే ముచ్చట ఒకటుంటది, పాంటు కాలు కిందికి పోను సన్నబడుతది గదా, కోసిన కొసను పైకి మడిస్తే సన్న భాగం వెడల్పు భాగం మీదికి వస్తది, మడత గుంజుకపోయి అంచు వంకరైతది. మడత అయ్యే కాడి వరకు తొడ లోపలి కుట్టు ఇప్పి జర వెడల్పుగ మళ్ల కుట్టుకో, అప్పుడు మడత చక్కగ కూసుంటది. కోసిన కాళ్ల గుడ్డ పారెయ్యకు, దాంట్ల ఇంకో పాంటుకు అతుకులు అయితయి.

ఒక్క మోకాలే పోతే అతుకు పెట్టు. ముక్కకు మూలలు ఉంచకు, గుండ్రంగ కోడిగుడ్డు తీరు కత్తిరించు, మూలలు ఉంటే ఉతికినప్పుడు అక్కడ్నుంచే లేస్తది. పిల్లల పాంటు కాలు సన్నగ ఉంటది, మిషన్ లోపలికి పోదు, దానికోసం కాలు పక్క కుట్టు (పైకెళ్లి డబుల్ కుట్టు లేని దిక్కు) ఒక జానెడు ఇప్పు, గుడ్డ పరుసుకుంటది, అతుకు వేసినంక మళ్ల మూసెయ్యి. ఆడుకునే పోరనికి చినగకముందే లోపల దిక్కు ఒక ముక్క వేస్తే ఇంకా మంచిది.

నడుముకు బెల్టు ఒద్దు, వెనక సగానికి లాస్టిక్ వెయ్యి. పట్టీ లోపల దిక్కు రెండు పక్కల కుట్ల కాడ చిన్నగ ఇప్పి, పిన్నీసు కట్టి లాస్టిక్ దూర్చు. పాంటు నడుము 24, పిలగాని నడుము 21 ఉన్నదనుకో, మూడు అంగుళాలు తగ్గాలె, వెనక సగం పట్టీ 12 అంగుళాలు ఉంటది కాబట్టి దాంట్ల 9 అంగుళాల లాస్టిక్ నిలవాలె, రెండు కొసలు కుట్టేటందుకు అరంగుళం అరంగుళం ఎక్కువ కోసుకో. లాస్టిక్ వెడల్పు పట్టీ కన్న జర తక్కువ ఉండాలె, మరీ సన్నది వేస్తే లోపల మెలిక పడుతది. ముందు దిక్కు సాఫ్‌గ ఉంటది, బడికి గూడ వేసుకొని పోవచ్చు.

ప్రశ్న: టీ షర్టులు చిన్నగ చేస్తే తల దూర్చంగనే కుట్లు టక్కున తెగుతున్నయి. (కాజీపేట)

గుడ్డ సాగుతది, నీ కుట్టు సాగది, అందుకే. బాల్ పాయింట్ సూది అడుగు, మొన గుండ్రంగ ఉండి పోగును కోయకుంట పక్కకు జరిపి పోతది. దారం పాలిస్టరుది, కుట్టు చిన్నగ పెట్టి, కుట్టేటప్పుడు గుడ్డను చేతితోటి కొద్దిగ సాగదీసి పట్టుకో, మరీ గుంజితే అలలు పడుతయి. జిగ్‌జాగ్ ఉన్న మిషన్ అయితే సన్న జిగ్‌జాగ్ వెయ్యి, ఈ తక్లీఫ్ ఉండది. గల్ల మాత్రం ముట్టకు, భుజాల కాడ, పక్కలు మటుకే తగ్గించు. బనీన్ గుడ్డ అంచుల పోగులు ఊడవు, లోపల ఇంటర్‌లాక్ లేకున్నా నడుస్తది.

ప్రశ్న: నా బిడ్డకు ఎనిమిదేండ్లు. "అన్ని అక్కయే నాకెందుకు ఇస్తరు" అని ఏడుస్తది, ఎంత మంచిగ కుట్టిచ్చినా ముట్టది. కొట్టబుద్ధి అయితది. (పరకాల)

కొట్టకు. పిల్లదాని తప్పేం లేదు, దానికి గుడ్డ పాతదైనందుకు బాధ లేదు, తనను అడగకుంట ఇచ్చిండ్రని బాధ. నువ్వు కుట్టి ముందట పెట్టేసరికి అది అయిపోయిన పని, దానికి ఒద్దు అనుడు తప్ప వేరే దారి ఏముంది? కుట్టకముందు కూసోబెట్టుకో. దారాల దుకాణానికి తోలుకపో, గుండీలు దాన్నే ఏరుకోనియ్యి, జేబు ఎక్కడ రావాల్నో అదే చాక్‌పీస్‌తోటి గీయనియ్యి, వంకరొచ్చినా అట్లనే కుట్టు. గుండీలు కుట్టుడు ఎనిమిదేండ్ల పిల్లకు వస్తది, సూదికి దారం ఎక్కిచ్చి ఇస్తే చాలు.

బతుకమ్మ కాలం కాబట్టి ఇంకో మాట. పసుపు కాటన్ ముక్కల ఐదు రెక్కలు కోసి తంగేడు పువ్వు చేసి గౌను మీద వెయ్యమను. గుడ్డ ఉల్టా దిక్కు ఫ్యూజింగ్ పేపర్ (ఇస్త్రీ వేడికి గుడ్డకు అతుక్కునేది) అతికిచ్చి కోస్తే రెక్కల పోగులు తొందరగ ఊడవు, చుట్టు చేతికుట్టు వేస్తే నిలుస్తది. పాలమరకో కూరమరకో ఉన్న కాడ ఆ పువ్వు పెడితే మరక గూడ దాగుతది.

ఇంట్లోళ్లకు గూడ చెప్పు, చుట్టాలు వచ్చినప్పుడు "గిది అక్కది, దీనికి సరిపోయింది" అని చాటింపు వెయ్యొద్దని. పండుగకు ఒక్క జత మాత్రం కొత్తది కొను, చిన్నదైనా సరే. అన్నీ మిగిల్చి ఏం జేస్తవు.

ప్రశ్న: మా వదినెకు ఇద్దరు బిడ్డలు, నాకు కొడుకు. గౌన్లు, కుర్తీలు ఇచ్చింది, మొగపిలగానికి ఎట్ల? (మంచిర్యాల)

రెండేండ్ల లోపు పిలగాడైతే ఇంట్ల గౌనే తొడుగు, ఎండకాలం వానికి అంతకన్న సుఖం లేదు. పెద్దోడైతే కుర్తీ పక్క కుట్లు సీదా చేసి లేసు ఊడబీకితే అదే కుర్తా. కుచ్చుల గౌను నడుము కాడ కోసి పై భాగం పొట్టి అంగి, కింది కుచ్చుల గుడ్డతోటి లాస్టిక్ లాగు. ఆడోళ్ల అంగికి కుడి దిక్కు పట్టీ పైకి వస్తది, మొగోళ్లకు ఎడమ దిక్కు, దానికోసం గుండీలు మార్చాల్నా అని అడుగుతరు, ఆ వయసుల ఎవ్వరు చూడరు, వదిలెయ్యి. గులాబి రంగు అని ముక్కు విరిచేటోళ్లను గూడ వదిలెయ్యి.

ప్రశ్న: పెద్దబిడ్డ పట్టు లంగా జాకెట్ చిన్నబిడ్డకు సద్దుల బతుకమ్మకు వెయ్యాలె. లంగా బెత్తెడు పొట్టిగున్నది, జాకెట్ ఛాతి కాడ పట్టింది. పట్టును కోయబుద్ధి అయితలేదు. (ములుగు)

కోయకు, కోసే పనే లేదు. లంగా కింద అంచు ముట్టకుంట పైన పొడుగు పెంచు. నడుము పట్టీ ఇప్పి, లంగా రంగుకు దగ్గరున్న కాటన్ పాప్లిన్ నాలుగంగుళాల వెడల్పు పట్టీ నడుము కాడ వేసి, దానికి లంగా కుచ్చులు కలిపి, పైన నాడా దూర్చు. ఆ కాటన్ భాగమంత జాకెట్ కింద దాగుతది, పట్టు అంచు మాత్రం పాదాల మీదికి దిగుతది. నడుముకు కాటన్ తగిలితే పిల్లకు గీరుకపోదు. జాకెట్ మరీ పొట్టిదైతే దానికి గూడ కింద అంచు పట్టీ వేసుకోవాలె, లేకుంటే కాటన్ బయట పడుతది.

పాత పట్టు మడతల కాడ పగులుతది, ముఖ్యంగ జరీ ఉన్న కాడ. వెలుతురుకు పట్టి చూడు, మడత గీతల పొంటి సన్న చీలికలు ఉంటే లోపల మల్లు (పల్చటి మెత్తటి నూలు గుడ్డ) అస్తరు వెయ్యి, గుంజుడు బరువంత అస్తరు మోస్తది. ఇగ దాచేటప్పుడు పాత మడతల మీదనే మడవకు.

జాకెట్‌కు ముందు లోపల చూడు, దర్జీ పక్కలకు గుడ్డ వదిలే ఉంటడు, అది ఇప్పితే ఒకటి రెండంగుళాలు వస్తది. సూది రంధ్రాలు పట్టు మీద కనబడుతయి, పక్కకే గదా, చెయ్యి కింద పోతది. అది సరిపోకుంటే చంక కిందికెళ్లి నడుము దాక రెండు పక్కల లంగా రంగు ముక్క ఒక్కో అంగుళంనర వెడల్పు వెయ్యి. ఇంకో ఉపాయం, వెనక హుక్కుల పట్టీకి ఇంకో పట్టీ జోడిచ్చి బొందులతోటి కట్టేటట్టు చేస్తే రెండు మూడేండ్లు నడుస్తది. బొందులు నడుము మీద కట్టు, మెడ చుట్టు కట్టేటివి చిన్నపిల్లలకు పెట్టొద్దు, ఆడుకుంట ఎక్కడన్న తట్టుకుంటే మెడకు బిగుస్తది.

ప్రశ్న: బిడ్డా, నేను నాయినమ్మను. నా కొడుకు అంగిలు మంచి కాటన్‌వి, కాలర్ అరిగిందని పక్కకు పడేసిండు. మనుమరాలికి ఏడాది నిండుతున్నది, గౌను అయితదా? (జనగామ)

మస్తుగ అయితది అమ్మా, కాలర్ అరిగినంత మాత్రాన అంగి ఒడువలే, వీపు భాగం ఇంకా కొత్తదాని తీరే ఉంటది. అంగిని తిరగేసి, గుండీల పట్టీ పాప వీపు దిక్కు వచ్చేటట్టు పెట్టుకో. కాజాలు తయారే ఉన్నయి, మళ్ల కుట్టే పని లేదు. అంగి కింది అంచే గౌను కింది అంచు, అది గూడ తయారే. పాప పాత గౌను ఒకటి మీద పరిచి చుట్టు గీసి, కుట్లకు అరంగుళం వదిలి కత్తిరించు. గల్లకు, చంకలకు అంగి చేతుల గుడ్డనే ఏటవాలుగ పట్టీలు కోసి పైపింగ్ వెయ్యి, ఏటవాలు గుడ్డ సాగుతది కాబట్టి గుండ్రటి కాడ ముడత లేకుంట తిరుగుతది.

గుండీలు మాత్రం అన్ని ఊడబీకి మళ్ల గట్టిగ కుట్టు, పాత దారం మీద నమ్మకం పెట్టుకోకు. మూడేండ్ల లోపు పిల్లలు ఊడిన గుండీని నోట్ల పెట్టుకుంటరు, గొంతుల ఇరుకుతది. భయముంటే గుండీలు తీసేసి బొందులు నడుము కాడ పెట్టు. పూసలు, చమ్కీలు ఆ వయసుకు అస్సలొద్దు.

ప్రశ్న: బడి డ్రెస్సు స్కర్టు మడత ఇప్పితే లోపల గుడ్డ ముదురు రంగు, బయట వెలిసిన రంగు, గీత కొట్టొచ్చినట్టు కనబడుతున్నది. (భూపాలపల్లి)

ఆ గీత మీదనే సన్నగ, పావు అంగుళం అడ్డ మడత వేసి కుట్టు, అరంగుళం పొడుగు పోతది గని గీత మడతల దాగుతది. కింద ముదురు రంగు అంచు పెట్టిచ్చిన పట్టీ తీరు కనబడుతది, టీచరు ఏమనదు. మడతకు గుడ్డ మిగలకుంటే చీర ఫాల్ వేసినట్టు లోపల వేరే గుడ్డ పట్టీ వేసి, స్కర్టు గుడ్డ మొత్తం పొడుగుకే వాడుకో.

ప్రశ్న: అక్కా, నేను బొగ్గుబాయిల పని చేస్త, షిఫ్ట్ అయినంక టైం ఉంటది. మా ఇంటామెకు కుట్టు రాదు, మిషన్ లేదు, దర్జీ దగ్గరికి పోతే పిల్లల బట్టల చిన్న పని ఎవ్వరు తీసుకుంటలేరు. చేతితోటి కుట్టి మా పిల్లల బట్టలు సరిచెయ్యొచ్చునా? నవ్వకుండ్రి. (గోదావరిఖని)

ఎందుకు నవ్వుత తమ్మీ, మన ఊర్లల్ల దర్జీలు సగం మంది మొగోళ్లే గదా. చేతితోటి మంచిగ అయితది, కుట్టు ఒకటే గట్టిది నేర్చుకో: సూది ముందుకు ఒక అడుగు పోవాలె, మళ్ల సగం అడుగు వెనక్కి వచ్చి గుచ్చాలె, మళ్ల ముందుకు. పై దిక్కు మిషన్ కుట్టు తీరు వరుసగ వస్తది, ఒక చోట దారం తెగినా మొత్తం ఇప్పుకపోదు. పాంటు కూసునే కాడ, చంకల కింద ఇదే వెయ్యి. అంచులకు తుర్పాయి (మడతను చేతితోటి సన్నగ కుట్టుడు), అది మీ ఇంటామెకు వచ్చే ఉంటది అడుగు, చీర ఫాల్ వేసుకునేటోళ్లందరికి వస్తది. దారం చెయ్యి పొడుగు కన్న ఎక్కువ తీసుకోకు, ముడి పడి విసుగొస్తది. ముందుగాల పెద్ద కచ్చా కుట్టు వేసి పిల్లగానికి తొడిగి చూసి, సరిపోతేనే గట్టి కుట్టు వెయ్యి, కచ్చా దారం వేరే రంగుది పెట్టుకుంటే పీకేటప్పుడు అల్కగ కనబడుతది.

మొదలు పాంటు పట్టుకోకు, దిండు గలీబుతోటి మొదలు పెట్టు.